పంచాయతీ గుమ్మం దాకా వచ్చిన ప్లాస్టిక్ చట్టం

మైదానం ముగిసి మన్యం మొదలయ్యే చోట ఉంటుంది గొలుగొండ. నిన్నమొన్నటి దాకా విశాఖపట్నం జిల్లాలో, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్న ఈ మండలానికి నర్సీపట్నమే దగ్గరి పట్టణం. మండలంలోని కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి ఉంది. దాన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఇక చలికాలం వచ్చిందంటే లంబసింగి మంచు కోసం నర్సీపట్నం మీదుగా కార్లు, బైకులు బారులు తీరుతాయి. వచ్చినవాళ్లు సాయంత్రానికి వెళ్లిపోతారు. వాళ్లు తాగి పడేసిన నీళ్ల సీసాలు, చిప్స్ ప్యాకెట్లు, టీ గ్లాసులు మాత్రం దారి పక్కన ఉండిపోతాయి.

అలాగని తప్పంతా పర్యాటకులదే అనడం న్యాయం కాదు. సంతలో కూర కొన్నా, కొట్లో పావుకిలో పంచదార కొన్నా చేతికొచ్చేది కవరే. రూపాయి షాంపూ, రెండు రూపాయల కాఫీపొడి, ఐదు రూపాయల చిరుతిండి అన్నీ చిన్న ప్యాకెట్లలోనే ఊరికి చేరుతున్నాయి. ఒకప్పుడు పల్లెలో చెత్తంటే పేడ, బూడిద, ఆకూ అలమూ. పెంటపోగులో ఏడాది మాగి పొలానికి ఎరువుగా పోయేది. ఇప్పుడు అదే పెంటపోగులోంచి కవర్లు కూడా బండెక్కి పొలానికి చేరుతున్నాయి. అక్కడ అవి కుళ్లవు, మట్టిలో కలవవు. చినిగి చినిగి చిన్న ముక్కలవుతాయి, అంతే.

ఇంత జరుగుతుంటే దీనికో చట్టం లేదా? ఉంది. ఒకటి కాదు, పాతికేళ్లుగా వరసగా వచ్చిన నియమాలున్నాయి. వాటిలో ఒకటి గొలుగొండ లాంటి గ్రామ పంచాయతీల పేరెత్తి మరీ బాధ్యత అప్పజెప్పింది. బాధ్యతతో పాటు రావలసిన డబ్బు మాత్రం ఊరికి రాలేదు. ప్లాస్టిక్ మీద మన దేశం చేస్తున్న న్యాయపోరాటంలో అసలు చిక్కు ఇదే.

మైక్రాన్ల లెక్క

మన చట్టం మొదట కవరు మందం మీద పడింది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం 1999లో తొలి నియమాలు తెచ్చి, 20 మైక్రాన్ల కన్నా పలచని సంచులు వద్దంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 2011లో ఆ హద్దును 40 మైక్రాన్లకు, 2016లో 50కి పెంచింది. 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు ఉండాలని తేల్చింది.

మందం పెంచితే ఒరిగేదేమిటని అనిపించవచ్చు. చిత్తు ఏరుకునేవాళ్ల బతుకు చూస్తే ఆ తర్కం అర్థమవుతుంది. వాళ్లకు డబ్బులొచ్చేది కిలోల లెక్కన. పల్చటి కవర్లు వందలు ఏరినా తూకానికి రావు, పైగా మట్టీ తడీ అంటుకుని ఉంటాయి. అందుకే వాటి జోలికి ఎవరూ వెళ్లరు. మందపాటి సంచికి తిరిగి వాడుకునే విలువ, అమ్ముకునే ధర రెండూ ఉంటాయి. దుకాణదారు కూడా దాన్ని ఊరికే ఇవ్వడు. కవరు ఉచితంగా దొరకకపోతే కొనేవాళ్లు ఇంటి నుంచి సంచి తెచ్చుకుంటారన్నది చట్టం ఆశ.

ఆ ఆశ సంతలో నిలవలేదు. కవరు 120 మైక్రాన్లు ఉందో లేదో కళ్లతో చూసి చెప్పలేం. కొలిచే పరికరం పంచాయతీ కార్యదర్శి దగ్గర ఉండదు. కూరగాయల బుట్ట ముందు కూర్చున్న అవ్వకు ఆ కవరు ఏ కంపెనీలో తయారైందో కూడా తెలియదు. అయినా తనిఖీలు జరిగిన రోజున చట్టం చేతికి మొదట దొరికేది ఆమే.

పుట్టపర్తి ఆవులు సుప్రీంకోర్టుకెక్కిన కథ

ప్లాస్టిక్ మీద దేశంలో సాగిన పెద్ద కేసుల్లో ఒకటి తెలుగు నేల మీదే మొదలైంది. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ గాయపడ్డ, వదిలేసిన జంతువులను చేరదీసే సంస్థ. అక్కడికి చేరిన వీధి ఆవులు బలంగా కనిపిస్తూనే చనిపోయేవి. పొట్ట కోసి చూస్తే లోపల పదుల కిలోల ప్లాస్టిక్. మిగిలిన అన్నం, తొక్కలు కవర్లో వేసి ముడి కట్టి కుప్పలో పడేస్తాం. ముడి విప్పుకోవడం ఆవుకు చేతకాదు, కవరుతో సహా మింగుతుంది. అది పెద్దపొట్టలో చేరి నవారు తాళ్లలా పేనుకుపోతుంది. కడుపు నిండా ప్లాస్టిక్ పెట్టుకుని పశువు ఆకలితో మాడి చస్తుంది.

2012లో కరుణ సొసైటీ మరికొందరితో కలిసి సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. ప్లాస్టిక్ సంచులను నిషేధించాలని, బహిరంగ చెత్తకుప్పలను ఎత్తేయాలని, తడి పొడి చెత్తను వేరు చేయించాలని కోరింది. విచారించిన జస్టిస్ జి.ఎస్. సింఘ్వీ ధర్మాసనం విషయాన్ని తేలిగ్గా తీసుకోలేదు. దీన్ని అరికట్టకపోతే రాబోయే తరానికి అణుబాంబును మించిన ముప్పు తప్పదని హెచ్చరించింది. పూర్తి నిషేధమా, లేక తయారుచేసినవాళ్లే ప్లాస్టిక్‌ను వెనక్కి తీసుకునే ఏర్పాటా అన్న ప్రశ్నను దేశం ముందు పెట్టింది.

ఆ ప్రశ్నలో రెండో సగమే ముఖ్యమైనది. అమ్మినవాణ్ని, వాడినవాణ్ని కాక తయారుచేసినవాణ్ని చట్టం ఎదుట నిలబెట్టాలన్న ఆలోచన అది.

నిషేధాల అనుభవం

నిషేధం ఏ దేశంలోనైనా అందరికీ ముందు తోచే మార్గం. 1988, 1998 వరదల్లో పాలిథీన్ సంచులు మురుగు కాలువలకు అడ్డుపడి ఢాకా మునిగిన తరవాత, 2002లో బంగ్లాదేశ్ వాటిని నిషేధించింది. దేశమంతటా అలా నిషేధించిన మొదటి దేశం అదే. కొన్నేళ్లకే సంచులు మళ్లీ బజారుకెక్కాయి. ప్రత్యామ్నాయాలు చవగ్గా దొరకలేదు, నిఘా సడలింది. చివరికి 2024 అక్టోబరు, నవంబరుల్లో అక్కడి ప్రభుత్వం పాత నిషేధాన్నే మళ్లీ అమలులో పెట్టాల్సి వచ్చింది.

ఆఫ్రికాలో రువాండా 2008లో, కెన్యా 2017 ఆగస్టులో నిషేధం తెచ్చాయి. కెన్యా చట్టం కఠినాతి కఠినం. సంచులు తయారుచేసినా, అమ్మినా నాలుగేళ్ల దాకా జైలు, 40 లక్షల కెన్యా షిల్లింగుల దాకా జరిమానా. వీధుల్లో సంచులు బాగా తగ్గాయి. అయితే పొరుగు దేశాల నుంచి దొంగచాటుగా రావడం పూర్తిగా ఆగలేదు.

మన దేశం 2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే కొన్ని వస్తువులను నిషేధించింది. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, చెవి పుల్లలు, ఐస్‌క్రీం పుల్లలు, అలంకరణకు వాడే థర్మాకోల్, స్వీటు డబ్బాల మీది పల్చటి పొర, 100 మైక్రాన్ల లోపు బ్యానర్లు ఆ జాబితాలో ఉన్నాయి. విశాఖ నగరపాలక సంస్థ అంతకు ముందే, 2022 జూన్ 5న నగరంలో నిషేధం మొదలుపెట్టింది. తిరుమల కొండ మీద నీళ్ల ప్లాస్టిక్ సీసాలను ఆపేసి, లడ్డూలకు మట్టిలో కలిసిపోయే సంచులను రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో సాయంతో ప్రవేశపెట్టారు.

తిరుమలలో పని జరగడానికి కారణముంది. కొండకు వెళ్లే దారులు కొద్ది, తనిఖీ చేసే చోట్లు ఉన్నాయి, తాగునీరు ఉచితంగా దొరుకుతుంది, అంతా చూసుకునే సంస్థ ఒక్కటే. వారానికొకసారి ఊళ్లో జరిగే సంతకు అవేవీ లేవు.

నిషేధం బతుకుదెరువులతో కూడా ముడిపడి ఉంటుందని ఫ్లెక్సీల విషయంలో రాష్ట్రం చూసింది. 2022 ఆగస్టు 26న విశాఖలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధాన్ని ప్రకటించారు. నవంబరు 1 నుంచి అమలన్నారు. అప్పుచేసి యంత్రాలు కొన్న ముద్రణదారులు గడువు అడగడంతో అది 2023 జనవరి 26కు మారింది. ప్రత్యామ్నాయానికి మారే గడువు, పెట్టుబడి ఇవ్వకుండా పేదవాడి పని మీద నిషేధం పెడితే అది ఎక్కువకాలం నిలవదు.

నిషేధించిన జాబితాలో లేనివి ఏమిటో కూడా చూడాలి. చిప్స్ ప్యాకెట్ లేదు. షాంపూ ప్యాకెట్ లేదు. నీళ్ల సీసా లేదు. కుప్పల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే.

తయారీదారు మీద పెట్టిన భారం

ఇలాంటి ప్యాకెట్లు, సీసాల కోసం చట్టం వేరే దారి తొక్కింది. వస్తువును ప్లాస్టిక్‌లో చుట్టి అమ్మే కంపెనీ, అంతే బరువు ప్లాస్టిక్‌ను తిరిగి సేకరించి శుద్ధి చేయించాలి. దీన్నే ఉత్పత్తిదారుల విస్తృత బాధ్యత అంటున్నారు. 2011, 2016 నియమాల్లో దీని ప్రస్తావన ఉన్నా, లెక్కలూ గడువులూ వచ్చింది 2022 ఫిబ్రవరి 16న ఇచ్చిన మార్గదర్శకాలతోనే. వాటి ప్రకారం 2023-24 నుంచి కంపెనీలు తమ వాటాకు నూటికి నూరు శాతం లెక్క చెప్పాలి.

కంపెనీ తన ప్యాకెట్లనే వెతికి తెచ్చుకోనక్కర్లేదు. ఎక్కడో ఒక రీసైక్లింగ్ కర్మాగారం కొన్ని టన్నులు శుద్ధి చేస్తే, దానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో ధ్రువపత్రాలు వస్తాయి. కంపెనీ వాటిని కొని తన లెక్క సరిచేసుకుంటుంది. కాగితం మీద ఇది చక్కని ఏర్పాటు. కానీ 2023లో మండలి తనిఖీ చేస్తే నాలుగు రీసైక్లింగ్ సంస్థలు ఏకంగా 6 లక్షలకు పైగా దొంగ ధ్రువపత్రాలు పుట్టించినట్టు బయటపడింది. శుద్ధి చేయని ప్లాస్టిక్‌ను చేసినట్టు చూపించి అమ్ముకున్నారన్నమాట.

దొంగ పత్రాల మాట పక్కన పెట్టినా ఇంకో లోపం ఉంది. నగరాల దగ్గర సులువుగా దొరికే, శుభ్రమైన ప్లాస్టిక్‌ను శుద్ధి చేసినా కంపెనీ లెక్క తీరిపోతుంది. గొలుగొండ కాలవలో చిక్కుకున్న చిప్స్ ప్యాకెట్‌ను ఎవరూ తీయనక్కర్లేదు. ఆ ప్యాకెట్ లోపల ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. వాటిని విడదీయడం దాదాపు అసాధ్యం కాబట్టి పాత సామాన్ల వ్యాపారి దాన్ని ముట్టుకోడు. సిమెంటు బట్టీలో ఇంధనంగా వాడవచ్చు. కానీ రాష్ట్రంలోని సిమెంటు ఫ్యాక్టరీలు చాలావరకు పల్నాడు, నంద్యాల, కడప వైపు ఉన్నాయి. అంత దూరం లారీ కిరాయి ఎవరు పెట్టుకోవాలి?

కంపెనీలు స్థానిక సంస్థలతో ఒప్పందం చేసుకుని సేకరణ ఖర్చు భరించవచ్చని మార్గదర్శకాలు అంటున్నాయి. 'భరించాలి' అని ఉంటే కథ వేరేగా ఉండేది. 2016 నియమాల్లో స్థానిక సంస్థకు కాస్త ఆదాయం తెచ్చే నిబంధన ఒకటి ఉండేది. ప్లాస్టిక్ సంచులు ఇవ్వదలచుకున్న దుకాణదారు స్థానిక సంస్థ దగ్గర నమోదు చేసుకుని ఏడాదికి కనీసం 48,000 రూపాయలు కట్టాలని అందులో ఉంది. 2018 సవరణలో దాన్ని తీసేశారు.

పంచాయతీకి ఏం చెప్పారు?

2016కు ముందు ప్లాస్టిక్ నియమాలు పట్టణాల కోసం రాసినట్టుండేవి. ఆ ఏడాది మార్చి 18న వచ్చిన నియమాలు మొదటిసారి పల్లెను కూడా లెక్కలోకి తెచ్చాయి. ప్లాస్టిక్ చెత్తను వేరు చేయించడం, సేకరించడం, గుర్తింపు ఉన్న రీసైక్లర్లకు చేర్చడం, ఎక్కడా తగలబెట్టకుండా చూడటం గ్రామ పంచాయతీ పనేనని రాశారు. పల్లెల్లో సంచుల వాడకం మీద నిబంధనలు అమలు చేసే అధికారం కూడా పంచాయతీకే ఇచ్చారు.

రాష్ట్రంలో 13 వేలకు పైగా గ్రామ పంచాయతీలున్నాయి. చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాల పేరుతో చాలా ఊళ్లలో షెడ్లు కట్టారు. తడి చెత్త నుంచి వర్మీకంపోస్టు చేయవచ్చు, అమ్మవచ్చు. పొడి చెత్తలో సీసాలు, అట్టలు, ఇనుము అమ్ముడుపోతాయి. మిగిలిన ప్యాకెట్లు, పల్చటి కవర్లు షెడ్డులోనే పేరుకుపోతాయి. చివరికి వాటి గతి అగ్గిపుల్లే.

ఆ మంట మామూలు మంట కాదు. ప్లాస్టిక్‌ను, ముఖ్యంగా పీవీసీని, ఆరుబయట కాలిస్తే డయాక్సిన్ల వంటి విషాలు పుడతాయి. అందుకే 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగ ప్రదేశాల్లో చెత్త కాల్చడాన్ని దేశమంతటా నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5,000, పెద్దఎత్తున కాలిస్తే 25,000 రూపాయల పరిహారం వసూలు చేయాలంది.

అయినా పల్లె మంటలు ప్రభుత్వ లెక్కలకు ఎక్కడం లేదు. 2020-21లో దేశంలో 41 లక్షల టన్నుల ప్లాస్టిక్ చెత్త పుట్టిందని కేంద్ర మండలి చెప్పింది. బ్రిటన్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో వేరే మాట చెప్పారు. వాళ్ల అంచనాలో భారతదేశంలో ఏటా 93 లక్షల టన్నుల ప్లాస్టిక్ ఎవరి చేతికీ చిక్కకుండా పర్యావరణంలోకి పోతోంది. అందులో 58 లక్షల టన్నులు కాలి పొగవుతోంది. ప్రభుత్వ లెక్కల్లో పల్లెలు, ఆరుబయట కాల్చే చెత్త సరిగా చేరకపోవడమే ఈ తేడాకు కారణమని వాళ్లు వివరించారు.

శుభ్రమైన ఊరు కోరే హక్కు

చట్టం ఉంది, డబ్బు లేదు అని చేతులెత్తేసే వీలు కూడా స్థానిక సంస్థలకు లేదు. 1980లో రత్లాం మున్సిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ మాట తేల్చి చెప్పారు. నిధులు లేవన్న సాకుతో పారిశుధ్యం బాధ్యత నుంచి తప్పించుకోలేరన్నారు.

మంచి వాతావరణంలో బతకడం జీవించే హక్కులో భాగమేనన్న సూత్రానికి తొలి మెట్లలో ఒకటి మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులోనే పడింది. హైదరాబాదులో పార్కు కోసం కేటాయించిన స్థలంలో ఇళ్లు కట్టబోతే టి. దామోదర్ రావు కోర్టుకెళ్లారు. 1987లో వెలువడిన ఆ తీర్పులో జస్టిస్ పి.ఎ. చౌదరి, రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కుకు పర్యావరణాన్ని పాడుచేయడం కూడా భంగమేనన్నారు. సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులో కాలుష్యం లేని నీరు, గాలి జీవించే హక్కులో భాగమని స్పష్టంగా చెప్పడానికి ముందే వచ్చిన మాట ఇది.

కోర్టులు నేరుగా కంపెనీలను కదిలించిన సందర్భాలూ ఉన్నాయి. గుట్కా, పాన్ మసాలా, పొగాకును ప్లాస్టిక్ ప్యాకెట్లలో అమ్మకూడదని 2010 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2011 మార్చి నుంచి అది అమలులోకి వచ్చింది. ఒక్క ఆదేశంతో పరిశ్రమ మొత్తం ప్యాకెట్ మార్చుకోవాల్సి వచ్చింది. ఇలాంటి మార్పు సంతలో జరిమానాలతో వచ్చేది కాదు.

శిక్షల సంగతి చూస్తే, పర్యావరణ చట్టాన్ని ఉల్లంఘిస్తే ఇదివరకు ఐదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా ఉండేది. 2023 జన్ విశ్వాస్ చట్టం జైలును తీసేసి, 10,000 నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టింది. 2024 ఏప్రిల్ నుంచి ఇదే అమల్లో ఉంది. జైలంటే కేసులు ఏళ్ల తరబడి నలుగుతాయి, జరిమానా త్వరగా పడుతుందన్నది ప్రభుత్వ వాదన. చిన్న దుకాణానికి 10,000 పెద్ద దెబ్బ. కోట్ల వ్యాపారం చేసే కంపెనీకి 15 లక్షలు ఒక ఖర్చు పద్దు మాత్రమే.

ఊరి నుంచి మొదలుపెట్టగలిగేవి

గొలుగొండ వైపు కొండల్లో పనికొచ్చే దారులు రెండు కనిపిస్తున్నాయి. మొదటిది డిపాజిట్. కూల్‌డ్రింక్ గాజు సీసా తిరిగిస్తే డబ్బులు వెనక్కిచ్చే పద్ధతి తెలుగు కిరాణా కొట్లకు కొత్త కాదు. తమిళనాడులోని నీలగిరుల్లో మద్యం సీసాలు అడవిలో పగిలి ఏనుగుల కాళ్లకు గుచ్చుకుంటుంటే, మద్రాసు హైకోర్టు జోక్యంతో 2022లో సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా ఇస్తే తిరిగిచ్చే పద్ధతి పెట్టారు. సిక్కింలోని లాచెన్ గ్రామం 2012లోనే నీళ్ల ప్లాస్టిక్ సీసాలను వద్దంది. లంబసింగి దారిలో అమ్మే ప్రతి నీళ్ల సీసాకు ఇలాంటి డిపాజిట్ పెడితే, పారేసిన సీసాను ఏరేవాళ్లు కూడా దొరుకుతారు. డిపాజిట్ పద్ధతులు నడపవచ్చని కేంద్ర మార్గదర్శకాల్లోనే ఉంది కాబట్టి కొత్త చట్టం కోసం ఆగనక్కర్లేదు.

రెండోది అడ్డాకు. మన్యంలో గిరిజన మహిళలు అడ్డాకులు కోసి, ఎండబెట్టి, పుల్లలతో కుట్టిన విస్తళ్లలో ఎన్నో తరాలు పెళ్లి భోజనాలు చేశాయి. చవకైన ప్లాస్టిక్ ప్లేటు వచ్చి ఆ పనిని దెబ్బతీసింది. ఇప్పుడు ప్లాస్టిక్ ప్లేటుపై నిషేధం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులను సేకరించి అమ్ముకునే హక్కు గిరిజనులకు ఇచ్చింది. ఈ రెండు చట్టాలను ఒకచోట చేర్చి, ప్రభుత్వ కార్యక్రమాల్లో, గుడి అన్నదానాల్లో అడ్డాకు విస్తళ్లే వాడాలని నిర్ణయిస్తే కొండవాళ్ల చేతికి నాలుగు డబ్బులొస్తాయి.

ఈ రెండూ చేసినా చిప్స్ ప్యాకెట్, షాంపూ ప్యాకెట్ మిగిలిపోతాయి. వాటి విషయంలో పంచాయతీలు విడివిడిగా ఏమీ చేయలేవు. నర్సీపట్నం డివిజన్‌లోని పంచాయతీలన్నీ కలిసి తమ షెడ్లలో పేరుకున్న ప్యాకెట్లను కంపెనీల వారీగా తూచి, ఆ లెక్కను రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ముందు పెట్టవచ్చు. లారీ కిరాయి ఆ కంపెనీల నుంచి ఇప్పించమని అడగవచ్చు. మండలి పట్టించుకోకపోతే చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం తలుపు తట్టవచ్చు. పుట్టపర్తి నుంచి ఒక చిన్న సంస్థ ఢిల్లీ దాకా వెళ్లగలిగినప్పుడు నర్సీపట్నం నుంచి చెన్నై దూరమేమీ కాదు.

ప్రపంచ స్థాయిలో కూడా తగాదా తయారీదారు చుట్టూనే తిరుగుతోంది. 2022 మార్చిలో నైరోబీలో ప్లాస్టిక్ మీద అంతర్జాతీయ ఒప్పందం చేసుకోవాలని దేశాలన్నీ నిర్ణయించాయి. 2024 చివర బూసాన్‌లోనూ, 2025 ఆగస్టులో జెనీవాలోనూ చర్చలు తేలకుండానే ముగిశాయి. ప్లాస్టిక్ ఉత్పత్తికే హద్దు పెట్టాలని ఒక వర్గం, చెత్త నిర్వహణ చాలని చమురు దేశాలు పట్టుబట్టాయి.

ఆ ఒప్పందం ఎప్పుడు కుదిరినా, ఇప్పుడున్న నియమాల్లో మార్చవలసినవి రెండే. కంపెనీలు స్థానిక సంస్థల సేకరణ ఖర్చు భరించవచ్చు అన్నచోట భరించాలి అని రాయాలి. ధ్రువపత్రం కొనే ముందు ఆ ప్లాస్టిక్‌లో కొంత వాటా పల్లెల నుంచే రావాలన్న షరతు పెట్టాలి. గ్రామసభ తీర్మానం చేసి శాసనసభ్యుడికి, పార్లమెంటు సభ్యుడికి పంపవలసిన విజ్ఞాపన ఇదే. గొలుగొండలో రాబోయే గ్రామసభ అజెండాలో దీన్ని చేర్చమని కార్యదర్శికి ఒక అర్జీ ఇవ్వడానికి ఏ ఓటరుకైనా హక్కుంది.